గులాబి రంగు ఇత్తడి

దేవరకొండల మా షాపు గోడ మొలకు
ఒక నల్లా వేలాడుతుంటది.
ఇత్తడిదే, కాని రంగు గులాబి.
కొత్త గిరాకీలు రాగిదా అని అడుగుతరు.
కాదు, నా తప్పుది.

పనిల చేరిన మూడో నాడు
జంగు పట్టిన బిరడాతోని సహా
డీజిల్ నల్లాను తేజాబుల ముంచిన.
నురుగొచ్చింది, జంగు పోయింది, సంబురపడ్డ.
పొద్దుగూకినంక తీసి చూస్తే
ఇత్తడిలకెల్లి ఎవరో లేచిపోయినట్టుంది,
మిగిలినోళ్ళకు ఒకరినొకరు పట్టుకునే బలం లేదు.
పానా ఆనంగనే అంచు పెంకులెక్క రాలింది.

దస్తగిర్ మిస్త్రీ తిట్టలే.
నల్లాకు తీగ గట్టి మొలకు తగిలిచ్చి
డిండి రోడ్డు దాటి చాయ్‌కి పోయిండు.
తిడితే మరిచిపోదును.

మొన్నటి ముచ్చట:
చందంపేట దిక్కు తండాకెల్లి రూప్లా
ట్రాలీ ఆటోల ఇంజన్ ఏసుకొచ్చిండు.
బోర్లు పడ్డంక బాయి ఎండె,
బాయి ఎండినంక ఇంజన్ మూలకు పడె,
పంతొమ్మిదేండ్లు కోళ్ళు దాని మీద పండుకున్నయి.
ఈ ఎండకాలం ట్రాన్స్‌ఫార్మర్ మూడు మాట్ల కాలితే
మళ్ళ యాదికొచ్చింది.
"యాసిడ్ల ముంచు, ఎల్లుండికి కావాలె."
నేను మొల దిక్కు చూపిచ్చిన.

జంగు తీసుడంటే ముందుగాల
జంగు లేనిదాన్ని పక్కకు తీసుడు.
సిల్వర్ మూత ఇప్పి దూరం పెట్టిన,
మడ్డి దాన్ని పుట్నాలు తిన్నట్టు తింటది.
బేరింగుల తెల్లలోహం మరీ మెత్తన,
దానికి బ్రష్షు గూడ తగలొద్దు.
గాసునూనె, పాత లుంగీ ముక్క, బొటనవేలు, గంతే.

మిగిలిన ఇనుమంత డ్రమ్ముల.
ఒక పాలు బెల్లం మడ్డి, తొమ్మిది పాళ్ళు నీళ్ళు,
పద్నాలుగు రోజులు.
నాలుగోనాటికి కల్లు కాంపౌండు వాసన,
ఆరోనాటికి చీమల లైను,
టైర్ల షాపాయన కొట్లాటకొచ్చిండు.
రూప్లా రోజూ ఫోను: "కరిగిందా?"
మడ్డికి తొందర లేదు,
ఇనుమేదో, ఇనుమును తిన్నదేదో
దానికి మెల్లగ ఎరుకైతది.

తీసిన రోజు ఉడుకునీళ్ళతోని కడిగినం.
పట్టి పెట్టిన వాననీళ్ళు, బోరువి కావు.
మా బోరు నీళ్ళు ఆరితే తెల్లచారలు పెడతయి.
రూప్లా నవ్వితే పండ్ల మీద పచ్చటి చారలు,
నాయి గూడ అట్లనే.
అది జంగు కాదు. ఏ డ్రమ్ముల ముంచినా దిగదు.

కడిగిన ఇనుము పావుగంట ఆగితే మళ్ళ పసుపెక్కుతది.
అందుకే చెయ్యి కాలే వేడి మీదనే
ఆముదం పట్టిచ్చిన, మా చెల్కల పండినదే.
మిస్త్రీకి ఇప్పుడు కండ్లు సరిగ అవుపడవు.
చక్రం మీద అరచెయ్యి ఒక సుట్టు తిప్పి
"ఆఁ" అన్నడు.

ఆఖరుకు ఆయిల్ గిన్నె. ఇత్తడిది, మసి లెక్క నల్లగ.
చింతపండుతోని తోముతనని రూప్లా గుంజుకున్నడు.
ఆగు, అన్న.
వెలుతురుకు వంచితే మొలతోని గీసిన గీతలు:
మూడు, ఐదు, మూడు, నాలుగు.
ఆయన బొటనవేలు ఐదు కాడ ఆగింది.
"మా వదినె గీసింది. బాయి నీళ్ళ వంతులు.
దీంట్ల ఒకటి దొంగగీత,
దాని మీద మేం రెండేండ్లు మాట్లాడుకోలే."
నవ్విండు. నడుమనే ఆపిండు.

మురికి కూసున్నందుకే ఆ గీతలు అవుపడుతున్నయి.
తోమితే బంగారంలెక్క మెరుస్తది,
చదువరాదు.
గుడ్డతోని పైపైన ఒత్తి
గిన్నెను అట్లనే బిగిచ్చిన.

బిల్లు రాసిన: మడ్డి ఇంత, గాసునూనె ఇంత, మజూరి ఇంత.
ముట్టనిదానికి ఎంత రాయాలె అని అడిగిన.
కండ్లు తెరవకుంటనే అన్నడు మిస్త్రీ:
"మూడు చాయ్‌లు."